ఒకరి కొరకు వేసిన దారి

(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంచాంగ శ్రవణము జరిగింది. ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని అందరమూ చెవులప్పగించి విన్నాము. రాజపూజ్యము తక్కువై అవమానము ఎక్కువైన రాశివారు కొంచెము నొచ్చుకున్నారు కూడా. అయితే ఏ రాశిలో పుట్టినా, ఏ సంవత్సరము వచ్చినా అవమానమే ఎక్కువగా వ్రాసిపెట్టి ఉన్నవారు మన ఊళ్ళలో, మన ఇళ్ళలోనే కొందరున్నారు. నడవలేనివారు, చూపులేనివారు, వినలేనివారు, బుద్ధి నెమ్మదిగా ఎదిగేవారు. వారి అవమానమును గ్రహముల మీదికి నెట్టలేము. దానిని వ్రాసినవారము మనమే కనుక చెరపవలసినవారమూ మనమే. పండుగనాడు ఈ చేదు మాట ఎందుకని ఎవరికైనా తోచవచ్చును. ఉగాది పచ్చడిలో వేపపువ్వు లేనిదే పండుగ కాదు గదా! అందుచేత ఓపికతో వినవలెనని కోరుతున్నాను.

మనలో చాలామంది పుట్టిన ఊళ్ళు గుడిబండ తాలూకా సోమేనహళ్ళి చుట్టుప్రక్కలను, బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురము ప్రాంతములలోను ఉన్నవి. కచేరీలో కన్నడము, ఇంటిలో తెలుగు; రాష్ట్రము ఒకటి, మాట మరొకటి. 2007లో కోలారు జిల్లానుండి విడివడి చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడింది గాని మన నేల మారలేదు, మన వాన మారలేదు. నంది కొండల ప్రాంతమున పుట్టిన ఉత్తర పినాకిని, చిత్రావతి, పాపఘ్ని వాన కురిసిననాడే నదులు. తక్కిన దినములలో ఇసుక. చెరువులు ఎండగా బోరుబావులు వేసుకున్నాము. అవి వెయ్యి అడుగులు దాటిపోయినవి. ఇక ఊరిలో కాదనుకొని పనులకొరకు బెంగుళూరికీ, ఇంకా దూరపు పట్టణములకూ తరలివచ్చాము.

ఆ బయలుదేరిననాడు చాలా కుటుంబములలో ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. ఎవరిని వెంట తీసుకొని పోదాము, ఎవరిని ఊరిలో ఉంచి పోదాము? చదువుకొనే పిల్లవానిని తీసుకొని వస్తాము. నడవలేని పిల్లను, మాటరాని పిల్లవానిని అవ్వ దగ్గర వదిలి వస్తాము. పట్నములో అద్దె యిల్లు ఒకే గది. అదికూడా మూడవ అంతస్తులో. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి పోతే చూచేవారెవరు? అందుచేత అలా చేసినవారిని తప్పుపట్టుటకు నేను ఈ మాట అనుటలేదు. కాని అవ్వ చిరంజీవి కాదు. అవ్వ తరువాత ఎవరు? ఈనాటి నా ప్రసంగమంతా ఈ ఒక్క ప్రశ్నకు సమాధానము వెదకుటకే.

ముందుగా అంగవైకల్యము ఎందువలన వస్తుందో ఆలోచింతము. పూర్వజన్మ పాపమని కొందరంటారు. తల్లి గ్రహణమునాడు కదిలినదని మరికొందరంటారు. ఈ మాటలవలన కలిగిన మేలు ఒక్కటీ లేదు. తల్లి కన్నీరు మాత్రము రెట్టింపైనది. మన జిల్లా విషయమే చూడండి. లోతైన బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించితే అది మంచిది కాదని మన దేశపు ప్రమాణమూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణమూ చెబుతున్నవి. అటువంటి నీరు ఏళ్ళ తరబడి త్రాగితే పిల్లల పళ్ళు పసుపు గోధుమ చారలు కడతవి, మోకాళ్ళు వంకరపోతవి, పెద్దల నడుము, మెడ బిగిసిపోతవి. ఒకసారి ఎముక వంగిన తరువాత దానిని తిన్నగా చేసే మందు లేదు. ముందుగా నీరు మార్చుటే మందు.

మన దేశములో ఈ జబ్బును 1937లో మొట్టమొదట గుర్తించినది తెలుగు నేలమీదనే, ఆనాటి నెల్లూరు జిల్లాలో. అరకకు కట్టిన ఎద్దులు కీళ్ళు బిగిసి అడుగు వేయలేకపోవుట రైతులు ముందుగా చూచారట. తరువాత నల్లగొండ ప్రాంతములో దీని ఉగ్రరూపము కనబడినది. పటికతోను సున్నముతోను ఫ్లోరైడును తొలగించే పద్ధతిని నాగపూరులోని పర్యావరణ పరిశోధన సంస్థవారు కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టినారు. ఒక జిల్లా పేరు ఒక మందుకు పేరైనదంటే ఆ జిల్లా ఎంత బాధపడినదో తెలుస్తుంది. ఆ జిల్లాలోని శివన్నగూడెమువాడు అంశాల స్వామి. ఫ్లోరైడు నీటివలన అతని శరీరము ముడుచుకొనిపోయినది. వాజపేయిగారు ప్రధానిగా ఉన్న రోజులలో ఉద్యమకారులు అతనిని ఢిల్లీకి ఎత్తుకొనిపోయి, ప్రధానిగారి ముందు బల్లమీద పడుకోబెట్టి, తమ నీటి కష్టమును చూపించినారు. 2023 జనవరిలో అతడు కన్నుమూసేవరకు ఫ్లోరైడు బాధితుల పక్షమున మాట్లాడుతూనే ఉన్నాడు. ఇటువంటి పోరాటములు ఏండ్ల తరబడి సాగిన తరువాతనే ఆ పల్లెలకు నదీజలము గొట్టముల ద్వారా వచ్చినది. అంశాల స్వామి ఎముకలు తిరిగి తిన్నబడలేదు. కాని అతని ఊరి పిల్లలు వేరే నీరు త్రాగినారు. ఈ మాటను గుర్తుంచుకోండి; మరల దీని దగ్గరకే వస్తాను.

తక్కిన కారణములు కూడా కొన్ని మన చేతిలో ఉన్నవే. పోలియో సంగతి చూడండి. మన చిన్ననాడు ప్రతి ఊరిలో కాలు సన్నబడిన పిల్లలుండేవారు. 1995 నుండి దేశమంతటా ఒకే దినమున చుక్కలు వేయుట మొదలుపెట్టినారు. 2011 జనవరి తరువాత మన దేశములో సహజ పోలియో వైరసువలన ఆ జబ్బు ఎవరికీ సోకలేదు. 2014 మార్చిలో మన ప్రాంతమును పోలియోరహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. పూర్వజన్మ పాపమే కారణమైతే రెండు చుక్కల మందుతో అది ఎట్లు పోయినది?

మేనరికముల మాట కూడా దాచకుండా చెప్పుకొనవలెను. మేనమామకు పిల్లనిచ్చుట, అత్తకొడుకుకు ఇచ్చుట మనలో ప్రేమతో చేసే పని; ఆస్తి చెదరకుండుటకూ చేసే పని. కాని దగ్గర రక్తసంబంధములో పెండ్లి జరిగినప్పుడు పుట్టుచెవుడువంటి కొన్ని లోపములు బిడ్డకు సంక్రమించే అవకాశము పెరుగుతుందని వైద్యశాస్త్రము నిర్ధారించినది. ఇదివరకే అట్టి పెండ్లి చేసుకున్నవారిని నిందించవద్దు. ఇకమీద సంబంధము చూచేటప్పుడు ఈ సంగతి తలచుకొంటే చాలును.

పుట్టిన తరువాత కాలము వృథా చేయకుండుట మరొక సంగతి. వంకర పాదములతో పుట్టిన బిడ్డకు మొదటి వారములలోనే ప్లాస్టరు కట్లు మొదలుపెడితే చాలావరకు పాదము చక్కబడుతుంది. ఆరు నెలలు నిండినా చప్పుడుకు తల త్రిప్పని బిడ్డను వెంటనే పరీక్ష చేయించవలెను. దీనికై 1965లోనే మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఏర్పడినది. “వాళ్ళ తాతకుకూడా మాట ఆలస్యముగానే వచ్చింది” అని మూడేళ్ళు కూర్చుంటే, పోయిన మూడేళ్ళు తిరిగి రావు. మన ఇళ్ళలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, డాక్టరు నోట ఇంగ్లీషు. వినికిడి తక్కువైన బిడ్డకు, బుద్ధి నెమ్మదైన బిడ్డకు ఈ మూడింటి మధ్య దారి చూపవలసినవారు పెద్దలు. బిడ్డకు ఇంట వినబడే భాష తెలుగు అని వైద్యునితో, బడి పంతులుగారితో ముందే చెప్పవలెను.

అదీగాక, అంగవైకల్యము పుట్టుకతో వచ్చేది మాత్రమే కాదు. ఇక్కడ కట్టడముల పనికి పోయే మనవారు సారువలమీదినుండి పడిపోతారు. రోడ్డు ప్రమాదములలో కాలు పోతుంది. చక్కెర వ్యాధివలన చూపు మందగిస్తుంది. ముసలితనము వచ్చిన తరువాత మెట్టు ఎక్కలేనివారము మనమందరమే. కనుక ఇది “వారి” సమస్య అని వేలు చూపుటకు వీలులేదు.

ఇక మన మాటతీరు. మన పల్లెలలో మనిషికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంటే, ఊరు పెట్టే పేరు మరొకటి. కుంటి, గుడ్డి, మూగ, నత్తి అనేవి ఇంటిపేర్లయిపోతవి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు అని సామెత చెప్పి నవ్వుతాము. ప్రక్కనే కూర్చున్న చూపులేని మనిషి ఆ నవ్వు వింటాడు. పురాణములలో గూనిదైన మంథరను చెడ్డదానిగా చూపినారు. అదే పురాణములలో ఎనిమిది వంకరల అష్టావక్రుడు జనకుని సభకు వచ్చినప్పుడు సభ్యులు నవ్వితే, తోలును చూచి వెలకట్టేవారే గాని ఇక్కడ జ్ఞానులు లేరని వారి నోరు మూయించినాడని కథ కూడా ఉన్నది. మంథర కథ మనకు నోటికి వచ్చు. అష్టావక్రుని కథను పిల్లలకు చెప్పవలెను. నలుగురిలో అంగవైకల్యము గలవారిని కావాలని అవమానించుట ఇప్పుడు శిక్షార్హమైన నేరము కూడా. 2016నాటి చట్టము ప్రకారము దానికి ఆరు నెలలకు తక్కువ కాకుండా, అయిదేళ్ళ వరకు ఖైదు విధించవచ్చును.

సోదరులారా! జాలి మనకు లోటు లేదు. ఇకమీద కావలసినది వేరొకటి. అది ఏమిటో ఒక ఉదాహరణముతో చెబుతాను.

విజయనగరములో మహారాజా సంగీత కళాశాల ఉన్నది. 1919లో విజయరామ గజపతిరాజుగారు దానిని స్థాపించినారు. ఆస్థానములో కొలువున్న ఒకరి కుమారునికి చూపులేదట. ఆ బాలునికి సంగీతము నేర్పించే ఏర్పాటు కావలెనని తండ్రి కోరగా, మహారాజుగారు ఏకముగా కళాశాలనే పెట్టించినారని ఆ కళాశాల పుట్టుక గురించి చెబుతారు. దానికి మొదటి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. అందులో చదువుకున్నవారు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు, పి. సుశీలగారు. మహారాజుగారు ఆ బాలుని చేతిలో నాలుగు వరహాలు పెట్టి పంపివేసి ఉంటే అదికూడా దానమే అయ్యేది, సాయంత్రమునకు ఖర్చయ్యేది. ఆయన దారి వేసినారు. ఒక్క బాలుని కొరకు వేసిన ఆ దారిలో తెలుగుదేశపు పాట నూరేళ్ళుగా నడుస్తున్నది.

అదే దారిలో నడిచినవారు ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఆయన 1893లో మన బెంగుళూరులోనే జన్మించి, విశాఖపట్నములో పెరిగినారు. చిన్ననాటనే చూపు మందగించినందున బడి చదువు సాగలేదు. బడి వద్దన్న ఆ పిల్లవాడే 1919లో విజయనగర కళాశాలలో ఫిడేలు ఆచార్యుడైనాడు. 1936లో ఆ కళాశాలకే అధ్యక్షుడైనాడు. 1957లో పద్మశ్రీ పొందినాడు. ఆయన ప్రతిభ ఆయనదే. కాని ఆ ప్రతిభకు కూర్చొనే చోటు ఇచ్చినది ఆ కళాశాల.

ఇటువంటి దారులు మన దగ్గరలో ఇంకా ఉన్నవి. బెంగుళూరులో 1959లో అసోసియేషన్ ఆఫ్ పీపుల్ విత్ డిజెబిలిటీ అనే సంస్థను స్థాపించినవారు ఎన్. ఎస్. హేమగారు. ఆమెయే చక్రాల కుర్చీలో తిరిగిన మనిషి. ఆ సంస్థ నేర్పిన పనులలో తోటపని ఒకటి. సేద్యపు కుటుంబములనుండి వచ్చిన మన పిల్లలకు మొక్క క్రొత్త కాదు గదా! మన ఎల్లకు ఆవల అనంతపురములో విన్సెంట్ ఫెర్రర్‌గారు 1969లో ప్రారంభించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టువారు పల్లె పల్లెలో వికలాంగుల సంఘములను పెట్టించినారు. నెలకొకసారి పదిమంది కూర్చొని తమ కష్టము తామే చెప్పుకొని, తమ అర్జీ తామే వ్రాయించుకొని, కచేరీకి తామే పోయేటట్లు చేసినారు. ఒక్కడు పోతే “రేపు రా” అంటారు. పదిమంది పోతే కుర్చీ వేస్తారు. మచిలీపట్నము దగ్గరి సీతారామపురమున పుట్టిన బొల్లా శ్రీకాంత్‌గారు చూపులేని కారణముగా పదవ తరగతి తరువాత సైన్సు చదువరాదంటే కోర్టుకు వెళ్ళి గెలిచినారు. ఆ తరువాత అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి, 2012లో హైదరాబాదులో పరిశ్రమ పెట్టినారు. ఆయన గెలుపువలన ఆయన తరువాతి పిల్లలకు వాదించుటకు ఒక ఆధారము దొరికినది.

చూచినారా! నల్లగొండ నీరైనా, విజయనగరపు పాఠశాల అయినా, ఈ కోర్టు తీర్పు అయినా ఒక్క మాటే చెబుతున్నవి. ఒకరి కొరకు వేసిన దారిలో ఊరంతా నడుస్తుంది. బడి మెట్ల ప్రక్కన ఏటవాలుగా ఒక దారి కట్టితే చక్రాల కుర్చీ మాత్రమే ఎక్కదు. నిండు చూలాలు ఎక్కుతుంది, కీళ్ళనొప్పుల తాత ఎక్కుతాడు, మధ్యాహ్న భోజనపు బియ్యము బండి కూడా ఎక్కుతుంది.

“అవ్వ తరువాత ఎవరు?” అన్న ప్రశ్నకు ఇదే సమాధానము. ఒకరి దయమీద ఆధారపడితే ఆ ఒకరితోనే అది ముగుస్తుంది. దారి వేస్తే మనము పోయినా దారి ఉంటుంది.

ఆ దారికి కావలసిన రాళ్ళు చట్టములో ఇదివరకే ఉన్నవి. 1995నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించగా, 2016నాటి చట్టము ఇరువదియొకటిని గుర్తించినది. ప్రభుత్వ ఉద్యోగములలో 4 శాతము, ఉన్నత విద్యలో 5 శాతము స్థానములు కేటాయించినది. నలుబది శాతము, అంతకు మించిన వైకల్యము గల పిల్లలకు ఆరునుండి పదునెనిమిదేండ్ల వరకు ఉచితముగా చదువు చెప్పవలెనన్నది. కర్ణాటకలో గ్రామ పంచాయతీ తన స్వంత ఆదాయములో 5 శాతము వీరికై వెచ్చించవలెనను నియమము ఉన్నది. పంచాయతీలలో గ్రామీణ పునర్వసతి కార్యకర్తలున్నారు. ఆ పనికి అంగవైకల్యము గలవారినే తీసుకుంటారు. కొద్దిపాటి గౌరవ వేతనమునకు ఇల్లిల్లూ తిరిగే ఆ మనిషిని మన ఊరిలో ఎందరము ఎరుగుదుము?

వీటన్నిటికీ మొదటి వాకిలి డాక్టర్లు ఇచ్చే ధ్రువపత్రము, దానితోపాటు వచ్చే యు.డి.ఐ.డి. కార్డు. ఆ కార్డు దేశమంతటా చెల్లుతుంది. ఊరు విడిచిన మనబోటివారికి అది ముఖ్యము. పింఛను మాత్రము రాష్ట్రమునకొక తీరు. ఎల్లకు ఆవల ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి నెలకు ఆరువేల రూపాయలు ఇచ్చినారు. ఈవల మనవారికి అందినది దానికన్న చాలా తక్కువ. రెండు ఊళ్ళ మధ్య దూరము కొద్ది మైళ్ళు. కాలు లేని కష్టము రెండు చోట్లా ఒక్కటే. ఈ సంగతి మన శాసనసభ్యులవద్ద మర్యాదగా, గట్టిగా అడుగుటకు మనకు హక్కు ఉన్నది.

ఇక మన సంఘము చేయదగిన పనులు నాలుగు మనవి చేస్తాను.

మొదటిది, ఊరికి పోయిన ప్రతివారూ తమ వీధిలో ధ్రువపత్రము లేనివారెవరో కనుక్కొని రావలెను. వారిని నాడ కచేరికి, ఆస్పత్రికి తీసుకొనిపోవుటకు బండి కావలెను, ఒక దినము కూలి పోతుంది, తోడు ఒక మనిషి కావలెను. మన చందాలలో మొదటి రూపాయి దీనికి ఖర్చు పెడదాము.

రెండవది, చక్రాల కుర్చీలు పంచేటప్పుడు మనిషి కొలత, ఇంటి గడప, వీధి చూడకుండా ఇవ్వవద్దు. గడప దాటని కుర్చీ మీద రాగి మూటలు కూర్చుంటవి. కుర్చీతోపాటు గడప దగ్గర ఏటవాలు దారి కూడా కట్టించి ఇద్దాము. ఇచ్చేటప్పుడు తీసుకొనేవారిని వరుసగా నిలబెట్టి ఫొటోలు తీయుట మానుదాము.

మూడవది, మన ఊరి బడిలో త్రాగునీటిని ఏటేటా పరీక్ష చేయించుదాము. బోరునీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో గోడమీద వ్రాయించుదాము. వాననీరు నిలువచేసే తొట్టి ఒకటి కట్టించగలిగితే ఇంకా మేలు.

నాలుగవది అన్నిటికన్న చవక, అన్నిటికన్న కష్టము. పెండ్లిళ్ళకు, పేరంటములకు, ఈ ఉగాది సభకు ఆ పిల్లలను కూడా తీసుకొని రావలెను. చెల్లెలికి సంబంధము చెడిపోతుందని అక్కను వెనుక గదిలో దాచే ఇల్లు మనలో లేదని ఎవరైనా ప్రమాణము చేయగలరా? దాచిన బిడ్డకు దారి ఎవరు వేస్తారు? పదిమంది కంటబడితేనే పదిమందికి పని తోస్తుంది. వచ్చే ఉగాదికి మన వేదికకు మెట్లతోపాటు ఏటవాలు దారి ఉండవలెననియు, దానిమీదుగా ఎక్కివచ్చిన పిల్లలే ప్రార్థనగీతము పాడవలెననియు, కార్యవర్గములో వారిలో ఒకరికి స్థానము ఇవ్వవలెననియు నేను ఈ సభకు మనవి చేస్తున్నాను. వారికి ఏమి కావలెనో మనము ఊహించి చెప్పుటకన్న వారే చెప్పుట మేలు.

క్రొత్త సంవత్సరమున మీకందరికీ ఆయురారోగ్యములు కలుగుగాక. మన ఊళ్ళలో వానలు కురిసి చెరువులు నిండుగాక.